పగడపు ద్వీపంలో పాత కుంట, బావులు బాగుచేయాలి: ఇంకా లోతుగా తవ్వించవచ్చా?

లంకమ్మాయి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. లక్షద్వీప్‌లో, అమీనీ వైపున్న ఒక చిన్న ద్వీపంలో కాంట్రాక్టు మీద సైన్సు టీచరుగా చేస్తున్నాను. మాది కోనసీమ. కొబ్బరిచెట్లూ నీళ్లూ నాకు కొత్త కాదు కానీ, చుట్టూ ఇన్ని నీళ్లు పెట్టుకుని తాగే బిందె కోసం టైము చూసుకోవడం ఇక్కడికొచ్చాకే తెలిసింది.

ద్వీపం మధ్యలో నిలబడితే రెండు వైపుల అలల చప్పుడూ వినిపిస్తుంది. అంత సన్నం. వాగూ వంకా ఏమీ లేవు. ఇంటింటికీ ఒక బావి ఉంటుంది, చుట్టూ పగడపు రాయి పేర్చి. నిలువెత్తు కూడా దిగక్కర్లేదు, నీళ్లు తగులుతాయి. ఇవి కాక మసీదుల పక్కన, పాత ఇళ్ల పెరళ్లలో మెట్లున్న చిన్న చిన్న కుంటలున్నాయి. వీటిని ఇక్కడ కులం అంటారు (మలయాళంలో చెరువు అని, మనం అనుకునే కులం కాదు).

మా స్కూలు వెనక అలాంటి కుంట ఒకటి ఉంది. మెట్లు బాగానే ఉన్నాయి గానీ లోపలంతా కొబ్బరిమట్టలు, చిప్స్ కవర్లు, తెగిపోయిన వల ముక్కలు. పక్కింటి ఉమ్మ (ఇక్కడ పెద్దావిడల్ని అలాగే పిలుస్తాం) తన పెళ్లయిన కొత్తలో ఆ వీధి ఆడవాళ్లంతా అక్కడే స్నానాలు చేసేవారని, తాగే నీళ్లకు మాత్రం వేరే బావికి వెళ్లేవారని చెప్పింది. ఆ వేరే బావి ఇప్పుడు ఒకరి వంటగది గోడ కింద ఉంది.

క్లబ్బు కుర్రాళ్లు, మా పదో తరగతి పిల్లలు కలిసి కుంటను బాగుచేద్దామంటున్నారు. అక్కడిదాకా సంతోషమే. కానీ వాళ్ల ప్లాను ఏంటంటే, రోడ్డు పనికి వచ్చిన జేసీబీతో దాన్ని ఇంకో పది అడుగులు దింపించి, మోటారు పెట్టి, పైపు లాగడం. నాకెందుకో అనుమానంగా ఉంది. మా క్వార్టర్స్ బావిలో ఫిబ్రవరి దాటితే సబ్బు నురగ రాదు, టీ పెడితే పాలు విరిగినట్టవుతాయి. మోటారు వేసిన రోజు ఇంకా ఎక్కువ.

లోతు పెంచితే నీళ్లు పెరుగుతాయా? ఆ నీళ్లు తాగడానికి పనికొస్తాయా? అసలు పని ఎక్కడ మొదలుపెట్టాలి? ఈ నేల గురించి తెలిసినవాళ్లు చెప్పండి.

భూజలం

అమ్మా, ముందు ఆ జేసీబీని వెనక్కి పంపించేయండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

నేను భూగర్భ జలాల శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. దీవుల సర్వేల మీద తిరిగాను. మెయిన్‌లాండ్ నుంచి వచ్చిన ప్రతి ఇంజనీరూ అక్కడ మొదట చేసే సూచన ‘ఇంకాస్త దించుదాం’ అనే. మన దగ్గర అది సరైన మాటే, రాతి పగుళ్లలో నీళ్లు కింద ఉంటాయి కాబట్టి. మీ ద్వీపంలో కింద ఉన్నది సముద్రం.

పగడపు ఇసుకలో వాననీళ్లు ఇంకి, లోపల నిండి ఉన్న ఉప్పునీటి మీద నూనె తేలినట్టు తేలుతూ ఉంటాయి. ఉప్పునీటి సాంద్రత 1.025, మంచినీటిది 1. ఆ చిన్న తేడా వల్ల, సముద్రమట్టానికి ఒక అడుగు పైన మంచినీళ్లు నిలిస్తే, కింద సుమారు 40 అడుగుల దాకా మంచినీళ్లు ఉండొచ్చని పుస్తకం లెక్క. నిజంలో అంత ఉండదు. మధ్యలో ఉప్పు, తీపి కలిసిపోయిన మందపాటి పొర ఉంటుంది. సన్నటి ద్వీపంలో అసలు మంచినీరు కొద్ది మీటర్లే. ఇప్పుడు ఆ 40 లెక్కనే తిరగేసి చూడండి. పైన ఒక అంగుళం లాగేస్తే కింద నుంచి ఉప్పునీరు 40 అంగుళాల దాకా ఎగదన్నుకొస్తుంది. సరిగ్గా మోటారు పైపు కిందకే వస్తుంది. మీ టీ విరగడంలో పెద్ద వాటా దానిదే. (నురగ రాకపోవడానికి ఉప్పు ఒక్కటే కారణం కాదు, పగడం అంటే సున్నపురాయే కాబట్టి కాఠిన్యం ఎలాగూ ఉంటుంది.)

పాతవాళ్ల బావి ఎలా తవ్వేవారో ఉమ్మ తరం వాళ్లను అడిగి చూడండి. ఆ దీవుల్లో పైమట్టి కింద గట్టి పగడపు పెచ్చు ఉంటుంది, అడుగో అడుగున్నరో మందం. దాన్ని పగలగొట్టి, కిందున్న తడి ఇసుకను ఎత్తిపోస్తే గుంటలో నీళ్లు ఊరతాయి. బావులు, కుంటలు, కొబ్బరిపీచు నానబెట్టే గుంటలు అన్నీ అలా చేసినవే. నీళ్లు తగలగానే ఆపేసేవారు. పనిముట్లు లేక ఆపారనుకుంటారు చాలామంది. నేనైతే అలా అనుకోను. ఇంకాస్త తవ్వితే ఏమవుతుందో వాళ్లకు నోటికి తెలిసింది, మనకు మీటరు పెడితే తెలిసింది.

అలాగే చేదతో తోడటం. రోజంతా నాలుగు బకెట్లు పొద్దున, రెండు మధ్యాహ్నం, అలా తోడితే పైపైన ఉన్న తీపినీరే వస్తుంది, పొర మళ్లీ సర్దుకుంటుంది. అర హెచ్‌పీ మోటారు వెయ్యి లీటర్ల ట్యాంకును అరగంటలోనో ముప్పావుగంటలోనో నింపేస్తుంది. తోడిన లీటర్లు అవే, దెబ్బ వేరు. కాబట్టి మీరు బాగుచేయాల్సింది కుంట లోతును కాదు, తోడే పద్ధతిని. మోటారు ఉండాల్సిందే అని కుర్రాళ్లు పట్టుబడితే, చిన్నది పెట్టి, రోజులో కొద్దిసేపు చొప్పున పలుమార్లు వేయండి. నీళ్లు పీల్చే పైపు చివరుండే ఫుట్‌వాల్వ్‌ను అడుగున వదలకండి, నీటిమట్టానికి కాస్త కిందే తేలేలా కట్టండి. ఊరంతటికీ కావాలంటే చిల్లుల పైపులను నీటిమట్టం దగ్గర అడ్డంగా పరిచి, మెల్లగా ఒకచోటికి లాగుతారు. కిరిబాటిలోని తరావాకి, కోకోస్ దీవుల్లోని హోమ్ ఐలాండ్‌కి నీళ్లు అలాగే ఇస్తున్నారు. అది మీ క్లబ్బు చేసే పని కాదు, ప్రభుత్వమే చేయాలి.

ఇక రెండోది, చెప్పడానికి మొహమాటంగా ఉండేది. సెప్టిక్ ట్యాంకు. పగడపు ఇసుక దేన్నీ ఆపదు. వాన ఎంత తేలిగ్గా దిగుతుందో మరుగుదొడ్డి నీరూ అంతే తేలిగ్గా బావిలోకి నడుస్తుంది. ఒకప్పుడు లేని బెడద ఇది. మీ క్వార్టర్స్‌లో బావికీ సెప్టిక్ ట్యాంకుకీ మధ్య ఎన్ని అడుగులో ఒకసారి టేపు పెట్టి చూడండి.

పిల్లలతో చేయించాల్సినవి: ఒక టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలను కొలిచేది) కొనండి, చవకదే. పది, పన్నెండు బావుల్లో మోటారు వేయకముందు ఒకసారి, వేశాక ఒకసారి చూడమనండి. మన ప్రమాణాల్లో తాగేనీటికి టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు మంచిది, వేరే దిక్కు లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటారు. క్లోరైడ్‌కి 250, 1000. నైట్రేట్ మాత్రం 45 దాటకూడదు, దానికి సడలింపు లేదు. ఆ దీవుల్లో నైట్రేట్ ఎక్కువ ఉందంటే ముందు మరుగుదొడ్లనే అనుమానించాలి. మురుగు క్రిములు ఉన్నాయేమో చూసే హెచ్2ఎస్ సీసాలు దొరుకుతాయి. నీళ్లు పోసి మూతపెడితే ఒకటి రెండు రోజుల్లో నల్లబడితే ఆ బావి నీళ్లు మరగకాచకుండా ఎవరూ ముట్టకూడదు. బావి లోపలి రాయి మీద సుద్దతో గీత కూడా గీయించండి. ఆటుపోట్లకు నీటిమట్టం ఎంత ఆడుతుందో పిల్లలు కళ్లారా చూస్తారు. సముద్రంలో పోటు వచ్చిన కొంతసేపటికి బావిలో పెరుగుతుంది. క్లాసులో వంద బొమ్మలు గీసినా దీనికి సాటి రాదు.

కుంట నీళ్లు తాగే ఆలోచన మానుకోండి. స్నానానికి, బట్టలకి, మొక్కలకి.

సూటిగా

పెద్దాయన మాటకు ఎదురు చెప్పడం కాదు గానీ, ఈ చాకిరీ అంతా ఎందుకండీ? కవరత్తిలో 2005 నుంచే సముద్రపు నీటిని మంచినీరు చేసే ప్లాంటు నడుస్తోంది. కద్మత్‌లో రోజుకు 1.5 లక్షల లీటర్లది 2024 జనవరిలో ప్రధానమంత్రి ప్రారంభించారు కూడా. రేపో మాపో అన్ని దీవులకూ వస్తుంది. పిల్లల చేత మట్టలు ఏరించే బదులు పైపులైను కోసం అర్జీ రాయించండి. మీరు చెప్పేది వినడానికి బాగుంటుంది గానీ, చేద వేసి తోడేది ఆడవాళ్లే, వినేవాళ్లు కాదు.

భూజలం

చివరి వాక్యం నిజం, ఒప్పుకుంటాను. అందుకే మోటారు వద్దనలేదు, చిన్నది పెట్టి ఆపి ఆపి వేయమన్నాను.

ప్లాంటు సంగతి. అది మన చెన్నైలోని సముద్ర సాంకేతిక సంస్థ (ఎన్ఐఓటీ) వాళ్ల గొప్ప పని. పైనుంచి 28 డిగ్రీల వెచ్చటి సముద్రపు నీటిని గాలి తీసేసిన గదిలోకి పంపితే కొంత ఆవిరవుతుంది. ఆ ఆవిరిని దాదాపు 350 మీటర్ల లోతు నుంచి తెచ్చిన చల్లటి నీటితో మళ్లీ నీరు చేస్తారు. తీరం దాటిన కాసేపటికే సముద్రం అంత లోతుకి పడిపోతుంది కాబట్టి ఆ దీవులకు బాగా కుదిరింది. నాకూ ముచ్చటే.

కానీ భాగించండి. కద్మత్ జనాభా ఐదున్నర వేలు అనుకుంటే 1.5 లక్షల లీటర్లు తలకు 27, 28 లీటర్లు. కవరత్తిలో మొదటి ప్లాంటు రోజుకు లక్ష లీటర్లది, జనం 11 వేలకు పైనే, అంటే తలకు 9. జల్ జీవన్ మిషన్ ఇవ్వాలనుకున్నది తలకు 55. తాగడానికీ వండటానికీ ప్లాంటు నీళ్లు బ్రహ్మాండంగా సరిపోతాయి. మిగతా స్నానం, బట్టలు, అంట్లు, దొడ్డి ఏ నీళ్లతో? బావితోనే. ప్లాంటు వచ్చింది కదా అని బావిని చెత్తకుండీ చేసుకుంటే ఆ మిగతా సగం పోతుంది. ఒకటి వస్తే రెండోది వదిలేయాలన్న రూలు ఎక్కడిది?

మాలే_నుంచి_మోహన్

సూటిగా గారికి ఒక్క ముక్క. నేను మాల్దీవుల్లో రిసార్టులో అకౌంట్స్ చూస్తాను. 2014 డిసెంబరు 4న మాలేలో నీళ్ల ప్లాంటులో మంటలు రేగి, లక్ష మందికి పైగా ఉన్న ఊరికి కుళాయి ఆగిపోయింది. మన దేశం విమానాల్లో నీళ్ల సీసాలు పంపింది, ఐఎన్ఎస్ సుకన్య, ఐఎన్ఎస్ దీపక్ నీళ్లు తయారుచేసే ఏర్పాటుతో వచ్చాయి. రాజధాని కాబట్టి వచ్చాయి అనుకోండి. నేనప్పటికి ఇక్కడికి రాలేదు గానీ, మా స్టాఫులో పాతవాళ్లు సూపర్ మార్కెట్ల ముందు క్యూల గురించి ఇంకా చెప్తుంటారు.

2004 సునామీలో ఇక్కడ చాలా దీవుల బావులు ఉప్పునీటితో చెడిపోయాయి. తర్వాత ఇళ్లకు 2,500 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకులు పంచారు, వాననీళ్లు పట్టుకోవడానికి. బయటి దీవులకు వెళ్తే ఇప్పటికీ ఇళ్ల పక్కన కనిపిస్తాయి. ఇంకోటి, మా హౌస్‌కీపింగ్ అతని ఇంటి దగ్గర చూశాను: పొడవాటి కర్రకి చివర రేకు డబ్బా బిగించి ఉంటుంది, దానీ అంటారు. దాన్ని బావిలో వాలుగా దింపి పైనుంచే ముంచి తీస్తారు. తాడూ గిలకా ఏమీ ఉండదు. భూజలం గారు చెప్పిన పైపైన తోడటం అంటే ఇదే కదా అనిపించింది.

ఓడసరంగు

మర్చంట్ నేవీలో ఉండగా బెర్ముడాలో దిగాను. అక్కడా మంచినీటి వాగులూ చెరువులూ లేవు. ఇళ్ల కప్పులన్నీ తెల్లగా, మెట్లుమెట్లుగా ఉంటాయి. సున్నపురాయి పలకల మీద సున్నం. వాన ఆ మెట్ల మీద నెమ్మదించి, కాలువలోంచి ఇంటి కిందున్న ట్యాంకులోకి పోతుంది. ఇల్లు కట్టుకునేవాడికి ఇది ఇష్టాయిష్టాల సంగతి కాదు, చట్టం: కప్పులో ఐదింట నాలుగు వంతుల నీళ్లు పట్టాలి, ట్యాంకు ఆరేళ్లకొకసారైనా కడగాలి. నాకు నచ్చింది ఆ ఇళ్ల అందం కాదు, తనిఖీ.

టీచరు గారూ, కుంట సంగతి పక్కన పెట్టి మీ స్కూలు కప్పు ఎంతో కొలవండి. కష్టపడకుండా దొరికే తాగేనీళ్లు అక్కడున్నాయి.

భూజలం

సరంగు గారు నా నోట్లో మాట లాగేశారు. లెక్క తేలికే. 100 చదరపు మీటర్ల కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే 100 లీటర్లు. మీ దీవుల్లో ఏడాదికి 1500, 1600 మిల్లీమీటర్లు పడుతుంది. ఇంటికి ఐదుగురు, తాగడానికి వండటానికి తలకు 10 లీటర్లు, వాన లేని 120 రోజులు, అంటే 6,000 లీటర్లు. ఐదో వంతు పోయినా 75 మిల్లీమీటర్ల వానకు నిండిపోతుంది. జూన్‌లో అది కొద్దిరోజుల మాట. ఏడాదంతా పట్టాలనుకుని భారీ ట్యాంకు కడితేనే ఖర్చు. జనవరి నుంచి ఏప్రిల్ దాటిస్తే చాలు.

ఒక్క జాగ్రత్త. ఎండాకాలమంతా కప్పు మీద ఉప్పుగాలి పొడి, పక్షిరెట్ట పేరుకుంటాయి. మొదటి వానలు పూర్తిగా వదిలేయండి. తర్వాత కూడా ఎప్పుడు వాన మొదలైనా మొదటి 50, 100 లీటర్లు పక్కకు పోయేలా పైపుకి ఒక మళ్లింపు పెట్టండి. ట్యాంకు మూతకి, ఓవర్‌ఫ్లోకి సన్నటి జాలీ తప్పనిసరి, లేకపోతే మీరు దోమల ఫారం పెట్టినట్టే. ట్యాంకు నిండాక పొర్లే నీటిని డ్రెయిన్‌లోకి కాకుండా మీ పాత కుంట పక్క ఇసుకలోకి వదలండి. బావులకు అదే తిండి.

లంకమ్మాయి

ఇన్ని రోజులు జవాబు ఇవ్వలేదు, పరీక్షల హడావుడి. ఇప్పటిదాకా అయినవి రాస్తున్నాను.

జేసీబీ రాలేదు. కుర్రాళ్లను ఒప్పించింది నా మాటలు కావు, మీటరు. మా క్వార్టర్స్ బావిలో పొద్దున్నే 640 చూపించింది, ముప్పావుగంట మోటారు వేశాక 1,100 దాటింది. క్లబ్బు సెక్రటరీ మీటరు పాడైందన్నాడు. వాళ్లింటికి వెళ్లి చూశాం, అక్కడా అంతే. ఉమ్మ వాళ్లది చేద బావి, రోజంతా ఎప్పుడు చూసినా అంకె పెద్దగా కదల్లేదు. ఆవిడ ఆ మీటరు నోట్లో పెట్టుకోబోయింది, ఉప్పు చూడటానికి అంతకంటే దారి ఏముంటుందన్నట్టు!

కుంటను చేతులతోనే ఎత్తాం. మట్టలు, ప్లాస్టిక్ తీశాక అడుగున నల్లటి బురద, దాని కింద తెల్లటి ఇసుక. పక్కగోడలో భూజలం గారు చెప్పిన పెచ్చు స్పష్టంగా కనిపించింది, నా జానెడు కంటే కాస్త ఎక్కువ మందం, కింది అంచు ఎవరో చెక్కినట్టు గరుగ్గా ఉంది. ఇసుక తగలగానే ఆపేశాం.

నల్లబడే సీసాల సంగతే ఇబ్బందైంది. సగానికి పైగా నల్లబడ్డాయి. పిల్లలు బోర్డు మీద ఇళ్ల పేర్లతో రాయబోతే ఆపి, నంబర్లు మాత్రమే వేయించాను. చిన్న ఊరు, ఎవరి దొడ్డి ఎవరి బావిని చెడగొట్టిందో తెలిస్తే పెళ్లిళ్లు ఆగిపోతాయి. నైట్రేట్ పరీక్షకు శాంపిల్స్ ఓడలో పంపాను. మా క్వార్టర్స్‌లో బావికీ సెప్టిక్ ట్యాంకుకీ దూరం అడగకండి. ఆ నీళ్లు ఇప్పుడు గిన్నెలకే.

మోటార్ల విషయంలో మాత్రం పెద్దగా కదలిక లేదు. ‘పక్కవాడు వేసుకుంటే నా పొర కూడా పోతుంది కదా, నేనొక్కణ్ణే ఆపడమెందుకు’ అని ఒకాయన అడిగాడు. జవాబు చెప్పలేకపోయాను. నాలుగు ఇళ్లవాళ్లు మాత్రం ఫుట్‌వాల్వ్ పైకి కట్టుకున్నారు, అదీ టీ విరగట్లేదని.

స్కూలు కప్పుకి కాలువలు బిగించడం అయిపోయింది. కేరళలోని బేపూర్ నుంచి సరుకు పడవలో 5,000 లీటర్ల ట్యాంకు వచ్చింది, వానలు ముదిరి పడవలు ఆగిపోయేలోపే. పాతదాన్ని బాగుచేద్దామని మొదలుపెట్టి కొత్త ప్లాస్టిక్ డ్రమ్ము దగ్గర తేలాను చూడండి.

ఒక డౌటు. ట్యాంకు నిండాక బ్లీచింగ్ పౌడరు ఎంత వేయాలి? ఇక్కడ గుప్పెడు వేసేస్తామంటున్నారు.

భూజలం

గుప్పెడు వద్దమ్మా, పిల్లలు వాసనకే పారిపోయి మళ్లీ సీసాల నీళ్లకు పోతారు. మంచి పౌడరైతే వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు, మీ ట్యాంకుకు పన్నెండున్నర. సైన్సు ల్యాబులో త్రాసు ఉంటుంది కదా, అందులో తూచండి. మగ్గులో కలిపి తేరనిచ్చి, పైన తేరిన నీళ్లు మాత్రమే పోయండి, అడుగు సున్నం పారేయండి. అరగంట ఆగి తాగొచ్చు. ఎప్పుడో విప్పిన పౌడరు తేమ తగిలి చచ్చిపోయి ఉంటుంది, కొత్త ప్యాకెట్ విప్పి వేయండి. మిగిలింది గాలి దూరని డబ్బాలో పెట్టండి.

నైట్రేట్ రిపోర్టు వస్తే ఇక్కడే పెట్టండి, చూస్తాను. మోటార్ల ఆయన అడిగిన ప్రశ్న సరైనదే. దానికి భూగర్భ శాస్త్రంలో జవాబు లేదు, మీ మసీదు కమిటీని అడిగి చూడండి.